చూపు లేనివాళ్లు లేత్ మీద చెక్కపని నేర్చుకోగలరా? నేర్పేవాళ్లు ఎలా నేర్పాలి?

మీరు అడిగింది ఇదీ: మీ తమ్ముడికి 26 ఏళ్లు. నీటికాసుల వల్ల మూడేళ్ల కిందట చూపు పోయింది, వెలుతురు ఎటువైపుందో మాత్రం తెలుస్తుంది. అంతకుముందు ఫర్నిచర్ షాపులో పాలిష్ పని చేసేవాడు. ఇప్పుడు లేత్ (చెక్కని తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషన్) నేర్చుకుంటానంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. ఊళ్లో లేత్ ఉన్న మేస్త్రీ "చెయ్యి తెగితే నన్నంటారు" అని పంపించేశాడు. అసలు ఇది అయ్యే పనేనా, నేర్పేవాళ్లు ఎలా నేర్పాలి, దాంతో నాలుగు రాళ్లు సంపాదించుకోగలడా అని.

నేర్చుకోగలడు. ముందు ఆ మాట చెప్పి మిగతాది మొదలుపెడతాను. కాకపోతే మామూలుగా నేర్పినట్టు నేర్పితే కుదరదు. "నేను చేస్తుంటే చూడు, తర్వాత నువ్వు చెయ్యి" అనే పద్ధతి పనికిరాదు. మారాల్సింది ఎక్కువగా నేర్పేవాడే. మీ మేస్త్రీ గారి భయం నాకు అర్థమవుతుంది. ఆయనకి నేర్పడం తెలియక కాదు, కళ్లతో తప్ప ఇంకోరకంగా నేర్పడం ఎవరూ ఆయనకి చూపించలేదు.

నేను ఏటికొప్పాక వైపు లక్కబొమ్మల పని చూస్తూ పెరిగినవాణ్ణి. లేత్ పని అక్కడే పట్టుబడింది. తర్వాత సొంత షెడ్డు పెట్టుకుని నేర్పడం మొదలుపెట్టాను. పూర్తిగా చూపు లేనివాళ్లు, కొద్దిగా ఉన్నవాళ్లు, క్రమంగా తగ్గిపోతున్నవాళ్లు, అందరూ నా దగ్గర నేర్చుకున్నారు. కింద రాసేదంతా వాళ్లతో పనిచేస్తూ తెలుసుకున్నది.

చెక్కపనిలో మిగతా మిషన్ల కంటే లేత్ ఎందుకు నయం?

రంపం మిషన్ దగ్గర చెక్కని చేత్తో పళ్ల వైపు తోసుకుంటూ పోవాలి. చెయ్యి కదులుతుంది, ప్రమాదం ఒకచోట ఉంటుంది. లేత్‌లో అలా కాదు. చెక్క రెండు కొనల మధ్య బిగించి ఉంటుంది, ఉన్నచోటే తిరుగుతుంది. ముందు టూల్ రెస్ట్, అంటే ఉలిని ఆనించే కడ్డీ, ఉంటుంది, దాని మీద ఉలి. రెండు చేతులూ ఉలి మీదే. అంటే తిరిగే చెక్క ఎక్కడుందో, చేతులు ఎక్కడున్నాయో ఎప్పుడూ మారదు. ఆ కొలత ఒంటికి ఒకసారి పట్టిందంటే కళ్లతో వెతుక్కునే పని ఉండదు.

ఇంకో సంగతి. చెయ్యి తిరిగిన పనివాళ్లని గమనించండి, ఉలి మొన వైపు చూడరు. చెక్క పైఅంచున ఏర్పడే గీత వైపు చూస్తారు. మొన దగ్గర ఏం జరుగుతోందో వాళ్లకి చెప్పేది చెయ్యీ, చెవీ. కొత్తగా వచ్చిన చూపున్నవాళ్లు మొనకేసి గుచ్చి చూస్తూ చెయ్యి చెప్పేది వినిపించుకోరు. ఆ అలవాటు మాన్పించడానికే నాకు వారాలు పడుతుంది. చూపు లేనివాళ్లతో ఆ ఇబ్బంది లేదు, మొదటి రోజు నుంచే చెయ్యి చెప్పింది వింటారు.

మొదటి పాఠం కరెంటు లేకుండానే

నేను మొదట ప్లగ్ పీకేస్తాను. పీకిన ప్లగ్‌ని నేర్చుకునేవాళ్ల చేతిలోనే పెడతాను, అది వాళ్లకే తెలియాలి. తర్వాత మిషనంతా తడిమి చూడమంటాను. హెడ్‌స్టాక్ (చెక్కని తిప్పే వైపు), టెయిల్‌స్టాక్ (చెక్క రెండో కొనని బిగించే వైపు), బెడ్ (ఇవి నిలిచే కింది భాగం), రెస్ట్, బిగించే పిడులు, స్విచ్చి. ఏ పిడి ఎటు తిప్పితే బిగుస్తుందో వాళ్లే కనిపెట్టాలి. ఒక పూట దీనికే పోయినా పర్వాలేదు.

అప్పుడు పచ్చి సరుగుడు కర్రో, అంకుడు కర్రో గుండ్రంగా చేసినదాన్ని బిగిస్తాను. పచ్చికర్ర మెత్తగా తెగుతుంది, దుమ్ము లేవదు. నేను హెడ్‌స్టాక్ దగ్గర నిలబడి చేత్తో మెల్లిగా చెక్కని తిప్పుతుంటాను. నేర్చుకునేవాడు గౌజ్ (గాడిలా వంపున్న ఉలి) పట్టుకుని రెస్ట్ మీద ఆనించి, మొనకి వెనకాల సానపట్టిన వాలుని చెక్క మీద ఆనించాలి. ఇప్పుడు ఏమీ తెగదు, ఒరుసుకుంటూ జారుతుంది. ఆ జారుడు చేతికి తెలిశాక పిడిని మెల్లిగా ఎత్తమంటాను. బొటనవేలి మందమంత ఎత్తేసరికి ఎక్కడో ఒకచోట మొన పట్టుకుంటుంది, సన్నటి పొట్టు చుట్టలు తిరుగుతూ ఎడమ మణికట్టు మీద పడుతుంది. "ఇదా!" అని దాదాపు అందరూ అంటారు. పిడి దించితే ఆగిపోతుంది, ఎత్తితే మళ్లీ వస్తుంది. దించు, ఎత్తు. పని మొత్తానికి పునాది ఇదే.

రెస్ట్ మీద ఉలి, చెక్క మీద వాలు, ఆ తర్వాతే మొన. ఈ వరస ఎప్పుడూ మారకూడదు. ఉలి ఎగిరి చెక్కలో దిగబడే ప్రమాదాలు ఎక్కువగా ఈ వరస తప్పినప్పుడే జరుగుతాయి. చూపున్నవాడికైనా అంతే.

ఏటికొప్పాకలో పాతకాలం పనివాళ్లు మోటార్లు రాకముందు తాడుతో తిప్పే లేత్‌ల మీద చేసేవాళ్లు. ఒకరు లాగుతుంటే ఒకరు ఉలి పట్టేవాళ్లు. చెక్క నిదానంగా తిరిగేది కాబట్టి ఉలి ఏం చేస్తోందో చేతికి స్పష్టంగా తెలిసేది. చేత్తో తిప్పి నేర్పడం నాకు అక్కడి నుంచి వచ్చిన ఆలోచనే.

చప్పుడు

తర్వాత కరెంటు. నాలుగు పలకల కర్ర బిగించి, మిషన్‌ని తక్కువ వేగంలో, అంటే నిమిషానికి 500 నుంచి 700 చుట్లలో పెడతాను. గౌజ్ తగలగానే "టక టక టక" అని నాలుగు మూలలూ కొట్టుకుంటాయి. మూలలు అరిగేకొద్దీ ఆ టకటక దగ్గరపడి, మెత్తబడి, చివరికి "సుయ్‌"మని ఒకే నాదం అవుతుంది. అంటే కర్ర గుండ్రమైంది. అతను అప్పుడు మిషన్ ఆపి, చెక్క పూర్తిగా నిలిచేదాకా ఆగి, చేత్తో తడిమి చూసుకోవాలి. ఎక్కడైనా చదును మిగిలితే వేలికి దొరుకుతుంది.

ఉలి మొండిబారితే పొట్టు చుట్టలుగా రాదు, పొడిగా రాలుతుంది, చప్పుడు కూడా గరగరమంటుంది. కర్ర మధ్యలో సన్నబడి వణుకుతుంటే వేరే రకం మోత వస్తుంది. టెయిల్‌స్టాక్ వదులైతే టిక్ టిక్‌మంటుంది. ఇవన్నీ నేను కావాలనే చేసి వినిపిస్తాను. టెయిల్‌స్టాక్ కొద్దిగా వదులు చేసి, తక్కువ వేగంలో తిప్పి, "ఏమైందో చెప్పు" అంటాను. ఈ పరీక్ష నెగ్గేదాకా ఒంటరిగా పని ఇవ్వను.

అందుకే షెడ్డులో రేడియో ఉండకూడదు, పక్కన ఇంకో మిషన్ మోగకూడదు. దుమ్ము లాగే మిషన్ పెట్టేవాళ్లు దాన్ని గోడ అవతల పెట్టుకోవాలి. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు వద్దు. చూపు లేని మనిషి చెవులు మూస్తే ఇంకో రెండు కళ్లు మూసినట్టే.

నేర్పేవాడి నోటి మాట

"ఇక్కడ", "అలా కాదు ఇలా", "కొంచెం ఇటు". ఈ మాటలు నా షెడ్డులో నిషేధం. వీటికి అర్థం చూపులో ఉంది, మాటలో లేదు. "పిడి దించు", "పిడిని నీ నడుం వైపు తెచ్చుకో", "ఉలిని గడియారం తిరిగే వైపు కొద్దిగా తిప్పు", "టెయిల్‌స్టాక్ వైపు జరుపు" అనాలి. కుడి, ఎడమ అనేటప్పుడు ఎప్పుడూ నేర్చుకునేవాడి కుడీ ఎడమలే.

చెయ్యి పట్టుకుని చేయించడం చాలామందికి అలవాటు. అది వద్దు. మనం అతని చేతిని పట్టుకుంటే అతనికి మన ఒత్తిడే తెలుస్తుంది, ఉలి సంగతి తెలియదు. నా చేతుల మీద అతని చేతులు పెట్టిస్తాను. నేను కోస్తుంటే నా మణికట్టు, మోచెయ్యి, నడుం ఎలా కదులుతున్నాయో అతను అనుభవిస్తాడు. చేతులు కాదు, నడుం ఊగాలని అప్పుడే అర్థమవుతుంది. ముట్టుకునే ముందు ప్రతిసారీ చెప్పి, అడిగి ముట్టుకోవాలి. మిషన్ తిరుగుతున్నప్పుడు వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయడం అసలు చేయకూడదు, ఇంట్లోవాళ్లకి కూడా ఈ మాట గట్టిగా చెప్పండి.

జాగ్రత్తలు

మీ అమ్మగారి భయం దీని గురించే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

స్విచ్చి వేసే ముందు అతను పైకి చెప్తూ చేయాల్సినవి ఇవి: చక్ (చెక్కని పట్టి ఉంచే భాగం) బిగించిన తాళంచెవిని దాన్లోంచి తీసేశాను, టెయిల్‌స్టాక్ బిగించాను, రెస్ట్ బిగించాను, చెక్కని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పాను ఎక్కడా తగల్లేదు, వేగం తక్కువలో ఉంది, చెక్క ఎగిరే దారిలోంచి పక్కకి నిలబడ్డాను. ఇవన్నీ అయ్యాకే స్విచ్చి. చెక్కకీ రెస్ట్‌కీ మధ్య సుమారు 3 నుంచి 6 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అదే మందం ఉన్న చిన్న చెక్కముక్కని సందులో దూర్చి చూసుకుంటే సరిపోతుంది. రెస్ట్ జరపాలంటే మిషన్ ఆపాలి, దీనికి మినహాయింపు లేదు.

ఆపే బటన్ పెద్దది, పుట్టగొడుగులా ఉబ్బెత్తుగా ఉండేది, తొడకి అందే ఎత్తులో పెట్టించాలి. రెండు చేతులూ ఉలి మీద ఉండగానే తొడతో నొక్కి ఆపగలగాలి. ఖర్చు తక్కువ, ఎలక్ట్రీషియన్ ఎవరైనా అమరుస్తారు.

చేతికి గ్లవుజులు వద్దు, తిరిగే చెక్క వాటిని పట్టుకుంటే వేలుని కూడా లాగేస్తుంది. పొడుగు చేతుల చొక్కా, తువ్వాలు, చున్నీ, దారాలు, ఉంగరాలు, కడియాలు, గడియారం, ఏదీ ఉండకూడదు. లుంగీ బదులు ప్యాంటు.

ముఖానికి అడ్డుగా షీల్డ్ పెట్టుకోవాల్సిందే. "చూపే లేదు, షీల్డ్ ఎందుకు?" అని అడిగినవాళ్లున్నారు. మీ తమ్ముడికి వెలుతురు తెలుస్తోంది కదా, అది చాలా విలువైనది. పైగా చెక్క పగిలి ఎగిరితే తగిలేది కళ్లకొక్కటే కాదు, ముఖమంతటికీ. ముక్కుకి మాస్కు కూడా. రోజ్‌వుడ్ లాంటి కర్రల పొడి కొందరికి దద్దుర్లు, ఆయాసం తెప్పిస్తుంది.

ఉలులు ఎప్పుడూ ఒకే స్టాండులో, ఒకే వరసలో, పదును అవతలి వైపుకి ఉండేలా పెట్టాలి. పిడుల మీద గాట్లు పెట్టుకుంటే ఏది ఏదో పట్టుకోగానే తెలుస్తుంది. గౌజ్‌కి ఒక గాటు, పార్టింగ్ టూల్‌కి (ముక్కని కోసి వేరుచేసే సన్న ఉలి) రెండు, ఇలా. మిషన్ బెడ్ మీద ఉలి వదిలేయడం అనే అలవాటు మొదటి రోజే రాకుండా చూడాలి. అతని షెడ్డులో ఇంకెవరూ వస్తువులు సర్దకూడదు, ఊడ్చేవాళ్లతో సహా.

కొలతలు

అందరూ ఇది చాలా కష్టమనుకుంటారు, నిజానికి తేలికైనది ఇదే. ఒక వస్తువుకి ఒక కొలత కర్ర చేసుకోవాలి. చెక్కపట్టీ అంచున పూసల్లాంటి ఉబ్బులు ఎక్కడ రావాలో, గాడి ఎక్కడ రావాలో అక్కడ రంపంతో గాట్లు. ఆ పట్టీని ఆపి ఉన్న చెక్క మీద ఆనించి, గాటు దగ్గర సూదిమొనతో గీస్తే ఆ గీత వేలికి తెలుస్తుంది. రెస్ట్ మీద చిన్న అయస్కాంతాలు అతికించి హద్దులు పెట్టుకోవచ్చు, ఉలి పట్టుకున్న వేలు అక్కడిదాకా వచ్చి ఆగుతుంది.

లావు కొలవడానికి నేను మెకానిక్ స్పానర్లు వాడతాను. 20 మిల్లీమీటర్లు కావాలంటే 20 నంబరు స్పానర్. మిషన్ ఆపి పెట్టి చూడాలి, దూరితే అయినట్టు, దూరకపోతే ఇంకా కొయ్యాలి. అమెరికాలో చూపు లేనివాళ్ల కోసం క్లిక్ రూల్ అని ఒక కొలబద్ద ఉంది. కడ్డీ లాగుతుంటే అంగుళంలో 16వ వంతుకి ఒక్కో క్లిక్ వస్తుంది, లెక్కపెట్టుకోవడమే. దొరికితే మంచిదే, దొరక్కపోయినా గాట్ల పట్టీతో పని ఆగదు.

ఏ ఉలితో మొదలుపెట్టాలి?

కార్బైడ్ అనే చాలా గట్టి లోహపు బిళ్ల బిగించిన ఉలులు ఇప్పుడు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. అడ్డంగా సమంగా పట్టుకుంటే చాలు, కోస్తాయి. చూపు లేనివాళ్లకి ఇవే సులువని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. అవి వాలు మీద ఆనుకోవు, గీకుతాయి. చేతికి చెప్పే కబురు తక్కువ, దుమ్ము ఎక్కువ. రఫింగ్ గౌజ్ (కర్రని గుండ్రం చేసే పెద్ద గౌజ్), పార్టింగ్ టూల్, సన్న గౌజ్, ఈ మూడింటితో కొన్ని నెలలు గడిస్తే చెయ్యి నిలబడుతుంది. స్క్యూ ఉలి (ఏటవాలు మొన ఉన్నది) ఆఖరున. గిన్నెలు తొలచడం కూడా తర్వాతే. గిన్నెలో అంచు కనపడని కత్తిలా తిరుగుతుంటుంది, దాన్ని తిరుగుతుండగా ముట్టుకోవాలనే కోరిక చంపుకోవడం నేర్చుకున్నాకే మొదలుపెట్టాలి. ఒక్క మినహాయింపు: వేళ్లలో బలం లేనివాళ్లకి, చెయ్యి వణికేవాళ్లకి కార్బైడే నయం.

చూపు కంటే స్పర్శ ముఖ్యం

షుగర్ వల్ల చూపు పోయిన ఒకాయన నా దగ్గరకొచ్చారు. పట్టుదల మనిషి. రెండు రోజుల తర్వాత గమనించాను, చెక్క మీద గీతని ఆయన వేలు దాటిపోతోంది, తెలియట్లేదు. షుగర్ వల్ల వేళ్ల కొసల్లో స్పర్శ కూడా తగ్గింది. అది చూపు లేకపోవడం కంటే పెద్ద అడ్డంకి. ఆయనతో కొలతల పని మానిపించి, వేలు కాకుండా పెదవితోనూ, గోరు అంచుతోనూ గీతలు పట్టుకోవడం ప్రయత్నించాం. కొంత పనిచేసింది. ఆయన చివరికి లేత్ కంటే పాలిష్ పనిలో కుదురుకున్నారు. కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకి నేర్పేముందు వేళ్ల స్పర్శ పరీక్షించాలి. మీ తమ్ముడిది నీటికాసులే కాబట్టి ఈ సమస్య ఉండకపోవచ్చు, పాలిష్ పని చేసిన వేళ్లు కూడా.

కొద్దిగా చూపు ఉన్నవాళ్లకి నేర్పడమే ఒక్కోసారి ఎక్కువ కష్టం. రేచీకటితో మొదలై చూపు సన్నని గొట్టంలోంచి చూసినట్టు మిగిలిన ఒక అమ్మాయి, కనపడే ఆ కాస్త చూపుతో ఉలి మొన చూడాలని ముఖం చెక్క దగ్గరికి తీసుకుపోయేది. ఎంత చెప్పినా మానలేదు. చివరికి తనే కళ్లకి గుడ్డ కట్టుకుంటానంది. కట్టుకున్నాక భుజాలు దిగాయి, ఉలి నిలబడింది. ఇప్పుడు గుడ్డ లేకుండానే నిటారుగా నిలబడి చేస్తుంది. కొద్దిగా చూపున్నవాళ్ల కోసం చెక్క వెనకాల నల్లటి అట్ట పెట్టడం, దీపం పక్క నుంచి పడేలా చూడటం ఉపయోగపడతాయి. పాత ట్యూబ్‌లైట్ల మిణుకులో తిరిగే చెక్క ఆగినట్టు కనపడే ప్రమాదం కూడా ఉంది.

లక్క అద్దడం

ఇది నాకు ఇష్టమైన భాగం. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసిన బొమ్మకి లేత్ మీద ఉండగానే రంగు లక్క అద్దుతారు. లక్క కడ్డీని తిరిగే చెక్కకి నొక్కితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో నొక్కి సాపు చేస్తే మెరుపొస్తుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటి సహజమైన రంగులు వాడే ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

చూపు లేనివాళ్లు ఇది చేయలేరని మా వైపు పెద్దలు కొందరు అన్నారు. చేయగలరు. కడ్డీ మొదట గీరినట్టు కీచుమంటుంది, కరగడం మొదలవగానే చప్పుడు పోయి చేతిలో జిగురుగా లాగుతుంది. పొర సరిపోయాక మళ్లీ జారుతుంది. మొగలి ఆకు కింద ముద్దలు ఉంటే వేలికి తెలుస్తాయి. రంగు ఏదో తెలియడానికి కడ్డీలకి గాట్లు పెట్టుకుంటాం. ఏ రంగు పక్కన ఏది బాగుంటుందో పుట్టుకతో చూపు లేనివాళ్లు అడిగి తెలుసుకుంటారు. మీ తమ్ముడికి రంగులు గుర్తుంటాయి, పాలిష్ చేసినవాడు కదా, ఆ జ్ఞాపకం అతనికి పెట్టుబడి.

ఇంతకుముందు ఎవరైనా చేశారా?

చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1915లో లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ మొదలైంది. పెట్టిన ఆర్థర్ పియర్సన్‌కీ చూపు లేదు. అక్కడ నేర్పిన పనుల్లో వడ్రంగం ఒకటి. అదే పేరుతో 1943లో దెహ్రాదూన్‌లో మన సైనికుల కోసం కేంద్రం పెట్టారు. ఈ రోజుల్లో బ్రిటన్‌లో క్రిస్ ఫిషర్ అనే ఆయన పెద్దయ్యాక చూపు పోయి, ఆ తర్వాతే లేత్ నేర్చుకుని దాన్నే వృత్తిగా చేసుకున్నాడు. అమెరికాలో జార్జ్ వర్ట్‌జెల్ చూపు లేని వడ్రంగి, తనలాంటి వాళ్లకి ఏళ్ల తరబడి నేర్పాడు. మీ అమ్మగారికి ఈ పేర్లు చెప్పండి, వాళ్ల వీడియోలు పెట్టి చూపించండి.

సంపాదన

మొదటి ఆరు నెలలు ఏమీ ఆశించకండి. తర్వాత ఒకే రకం వస్తువులు పట్టుకోవాలి: అప్పడాల కర్రలు, పప్పుగుత్తులు, బొంగరాలు, కుంకుమ భరిణెలు, మంచం కోళ్లు. ఒకే కొలత కర్రతో వంద చేయగలిగితే చెయ్యి వేగం పుంజుకుంటుంది, అమ్మకం కూడా తేలిక. కోళ్లు, కటకటాల లాంటివి ఫర్నిచర్ షాపుల నుంచి ముక్కకింత అని వస్తాయి. అతను పనిచేసిన షాపుతో ఇంకా మాటలున్నాయంటే మొదటి ఆర్డరు అక్కడే అడగండి. "పాపం" అని కొనేవాళ్ల మీద ఆధారపడితే రెండోసారి రారు, సరుకు బాగుండాలి.

యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) లేకపోతే ముందు అది తీసుకోండి. వైకల్యం ఉన్నవాళ్ల స్వయం ఉపాధికి జాతీయ దివ్యాంగజన ఆర్థికాభివృద్ధి సంస్థ అప్పులు ఇస్తుంది. పని మొదలయ్యాక, 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులూ బొమ్మలు చేసేవాళ్లూ ఉన్నారు, పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం ఉంది.

ఇప్పుడే మిషన్ కొనకండి. అతను ఇంట్లో, వీధిలో కర్రతో తనంతట తాను తిరుగుతున్నాడా? లేకపోతే ముందు ఆ శిక్షణ కావాలి, హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస విభాగంలో అడగండి. అది ఉంటే, మీ మేస్త్రీ గారి దగ్గరికి మళ్లీ వెళ్లండి. నేర్పమని అడగొద్దు. ప్లగ్ పీకిన మిషన్ దగ్గర ఒక గంట కూర్చోనివ్వమని, పచ్చికర్రని చేత్తో తిప్పి పెట్టమని అడగండి. మీ తమ్ముడి చేతి మీద పొట్టు పడటం ఆయన చూస్తే తర్వాత మాట ఆయనే ఎత్తుతారు. ఒప్పుకోకపోతే మీది ఏ జిల్లానో ఇక్కడ రాయండి, ఆ చుట్టుపక్కల నాకు తెలిసిన పనివాళ్లున్నారేమో కనుక్కుంటాను. ఆయన లేత్ ఎత్తు కూడా కొలిచి రాయండి. నిలబడితే చెక్క మధ్యభాగం మీ తమ్ముడి మోచేతి ఎత్తుకి రావాలి, తక్కువైతే లేత్ కాళ్ల కింద దిమ్మెలు ఎంత పెట్టాలో చెప్తాను.